మేళ్ల చిట్టా
(సంఘ విశ్వాసుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షిక పండుగ సమయమున “గత విజయములనుండి బలము పొందుట” అను అంశముపై మాటలాడుమని పెద్దలు నన్ను కోరిరి. విజయమనగానే మన పల్నాటివారికి కారెంపూడి, నాగులేరు, బాలచంద్రుడు జ్ఞప్తికి వచ్చుదురు. ఏటేటా కారెంపూడిలో వీరుల ఉత్సవము జరుగును, వీరుల కథ పాడుదురు. అయితే ఈ దినమున నేను మాటలాడదలచిన విజయములు కత్తితో గెలిచినవి కావు. నీళ్లులేని ఏట బిడ్డలను బ్రతికించుకొన్న తల్లి విజయము, అప్పు తీర్చి నోటు చింపివేసిన కూలివాని విజయము, త్రాగుడు మానిన సహోదరుని విజయము, పదవ తరగతి తప్పి మరల కూర్చుండి ప్యాసైన పిల్లవాని విజయము. వీటిని ఏ పాటగాడును పాడడు. వాటిని మనమే వ్రాసికొనవలెను. వ్రాసికొని, మరల చదువుకొని, బలము పొందవలెను. నేటి మన ధ్యానము ఇదే.

మన గ్రామములలో లెక్క వ్రాయుట క్రొత్త సంగతి కాదు. పూర్వము కరణముగారి యొద్ద దండకవిలెలుండెడివి. ఏ చేను ఎవరిది, శిస్తు ఎంత, మాన్యము ఎవరికి, అంతయు వాటిలో నుండెడిది. షాహుకారు యొద్ద చిట్టా ఉండెడిది. మన తాత తీసికొన్న పుట్టెడు జొన్నలు, దానిపై పెరిగిన నాగు, అన్నియు అందులో నుండెడివి. మన పెద్దలు ఆ చిట్టాలో వేలిముద్ర వేసిరేగాని అందులో ఏమి వ్రాసియున్నదో చదువలేకపోయిరి. మన బ్రతుకు లెక్క అంతయు ఇతరుల చేతిలో నుండెను. అందులో మన అప్పు ఉన్నది, మన చెమట లేదు. మన బాకీ ఉన్నది, మనకు దేవుడు చేసిన మేలు లేదు.

ఆలోచించుడి. నేడు మనకు అక్షరములు వచ్చినవి. అయినను మన యిండ్లలో నేటికిని వ్రాసియుండునది అప్పుల లెక్కయే. ఎరువుల కొట్టుకు ఎంత, కౌలు ఎంత, ఫీజు ఎంత అని కాలెండరు వెనుక వ్రాసికొందుము. మేళ్ల లెక్క ఏ యింటిలో ఉన్నది? అప్పుల చిట్టా ఒక్కటే చదువుకొనువాడు తాను అప్పులవాడనని మాత్రమే అనుకొనును. మేళ్ల చిట్టాను కూడ చదువుకొనువాడు తాను దేవుని చేతిలో నడిపింపబడుచున్నవాడనని తెలిసికొనును. ఇద్దరి అప్పు ఒకటే కావచ్చును. ఇద్దరి ధైర్యము ఒకటి కాదు.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమున మనకేమి నేర్పుచున్నది? అమాలేకీయులపై గెలుపు కలిగిన పిమ్మట దేవుడు మోషేకు ఆ సంగతిని జ్ఞాపకార్థముగా గ్రంథములో వ్రాయుమని ఆజ్ఞాపించెను (నిర్గమ 17:14). గెలిచినవారు పాడుకొనుటతో సరిపుచ్చుకొనక వ్రాసి ఉంచవలెనని దేవుని చిత్తము. ఎందుకనగా గెలుపు తొందరగా మరచిపోవు సంగతి. ఎఱ్ఱసముద్రము దాటిన జనులు మూడు దినములకే నీళ్లకొరకు సణిగిరి.

సంఖ్యాకాండము 33వ అధ్యాయమును చదువువారు తక్కువ. అందులో ఊళ్ల పేర్లు తప్ప మరేమియు లేదని దాటిపోవుదుము. కాని అది మోషే వ్రాసికొనిన ప్రయాణపు పుస్తకము. ఏ చోటనుండి బయలుదేరిరి, ఎక్కడ దిగిరి అని వరుసగా వ్రాసెను. పండ్రెండు నీటి బుగ్గలును డెబ్బది ఈతచెట్లును గల ఏలీము అందులో ఉన్నది. నీళ్లు చేదైన మారా కూడ ఉన్నది. త్రాగుటకు నీళ్లు దొరకని రెఫీదీము కూడ ఉన్నది. మంచి మజిలీలను మాత్రమే వ్రాసి చేదు మజిలీలను విడిచిపెట్టలేదు. మేళ్ల చిట్టా అనగా పొగడ్తల చిట్టా కాదని ఇందువలన తేటపడుచున్నది. మారా లేకుండ ఏలీము విలువ తెలియదు.

సమూయేలు నిలిపిన ఎబెనెజరు రాయి మీరు ఎరిగినదే. దేవుడు ఇంతవరకు సహాయము చేసెనని అతడు దానికి ఆ పేరు పెట్టెను (1 సమూయేలు 7:12). అయితే అదే గ్రంథము నాలుగవ అధ్యాయము తీసి చూడుడి. ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయి, మందసమును పోగొట్టుకొన్నప్పుడు వారు దిగియున్న చోటికి కూడ ఎబెనెజరు అనియే పేరు. ఆ ఓటమికిని ఈ గెలుపునకును నడుమ ఇరువది సంవత్సరములు గడచినవి. ఓటమి జ్ఞాపకము వచ్చు పేరునే సమూయేలు సహాయపు రాతికి పెట్టెను. మన పుస్తకములో కూడ ఓడిన పేజీకి ఎదుటి పేజీలోనే దేవుని సహాయము వ్రాయబడవలెను.

దావీదు గొల్యాతు ఎదుటికి పోకముందు సౌలుతో ఏమి చెప్పెను? తన బలమును గూర్చి చెప్పలేదు. సింహము నోటనుండియు ఎలుగుబంటి నోటనుండియు తన్ను తప్పించిన దేవుని గూర్చి చెప్పెను (1 సమూయేలు 17:34–37). ఇది గమనింపదగిన మాట. సింహమును చంపిన సంగతి ఊరిలో ఎవరును చూడలేదు. అది మందలో, ఒంటరిగా జరిగినది. ఎవరును చూడని చిన్న విజయము, అందరు చూచుచున్న పెద్ద పోరాటమునకు బలమాయెను. మీ ఇంటిలో, మీ చేనిలో, ఎవరికిని తెలియక జరిగిన మేలును చిన్నదని విడువకుడి. రేపటి గొల్యాతుకు అదియే మీ వడిసెల రాయి.

డెబ్బది ఏడవ కీర్తన మొదటి సగము ఏడ్పు. నిద్ర పట్టదు, ఓదార్పు లేదు, దేవుడు మరచెనా అను ప్రశ్న. నడుమ నుండి కీర్తన త్రిప్పుకొనును. పూర్వకాలమున దేవుడు చేసిన కార్యములను తలంచుకొందునని భక్తుడు నిశ్చయించుకొనును. అతని పరిస్థితి మారెనని ఆ కీర్తనలో ఎక్కడను లేదు. అతడు చూచు దిక్కు మారినది. విలాపవాక్యములు మూడవ అధ్యాయములో కూడ ఇదే మార్గము. శిథిలమైన పట్టణము నడుమ కూర్చుండి, ఒక సంగతిని జ్ఞాపకమునకు తెచ్చుకొనుటవలన భక్తునికి నిరీక్షణ కలిగెను.

ఇక మన ప్రాంతపు సంగతికి వత్తము. ఫాదర్ హయ్యర్ పేరు ఎరుగనివారు మనలో ఉండరు. ఆయన 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణమున పుట్టి, బాల్యముననే అమెరికా చేరెను. 1842 జూలై 31న గుంటూరు వచ్చెను. కొంతకాలమునకు స్వదేశము వెళ్లి, వైద్యవిద్య నేర్చి, మరల వచ్చెను. తరువాత గురజాలను కేంద్రముగా చేసికొని పల్నాటి పల్లెలు తిరిగెను. అప్పటి పల్నాడు ఎట్టిదో మీ పెద్దలు చెప్పగా వినియుందురు. కాలువ లేదు, రైలు లేదు. రాతినేల, ముండ్లచెట్లు, జ్వరములు. అటువంటి చోట ఒక్కొక్క పల్లెలో ఒక్కొక్క కుటుంబము ప్రభువును అంగీకరించుట ఆయన కన్నులార చూచెను. 1857లో స్వదేశమునకు మరలెను.

అంతటితో ఆయన పని ముగిసెనని ఎవరైనను తలంతురు. కాని 1869లో రాజమండ్రి ప్రాంతపు లూథరన్ సేవను నడుపు శక్తి లేక వేరొక మిషనునకు అప్పగించుటకు ఏర్పాట్లు జరుగుచుండెను. అప్పుడు డెబ్బది ఆరేండ్ల హయ్యర్, పెన్సిల్వేనియా సంఘపు పెద్దల సభలో లేచి, ఆ పొలమును విడువవద్దనియు, తానే వెళ్లుదుననియు చెప్పెను. చెప్పినట్లే ఆ సంవత్సరాంతమునకు రాజమండ్రి చేరెను. ఆ పొలము నిలిచెను. ఆయన 1873లో ప్రభువునందు నిద్రించెను. డెబ్బది ఆరేండ్ల వానికి ఆ ధైర్యము ఎక్కడిది? పల్నాటి రాతినేలలో మొలకెత్తిన విత్తనమును ఆయన చూచియుండెను. చూచినదానిని మరువలేదు. సభలోని తక్కినవారి యొద్ద ఖర్చుల లెక్క ఉన్నది. ఆయన యొద్ద ఖర్చుల లెక్కతోపాటు మేళ్ల లెక్క కూడ ఉన్నది.

మన పొరుగున ఒంగోలు సంగతి కూడ ఇటువంటిదే. 1836లో డే దొరగారు తెలుగువారి నడుమ బాప్తిస్టు సేవ ఆరంభించిరి. ఏండ్లు గడచినను ఫలము బహు కొద్దిగా నుండుటచేత, ఆ సేవను మూసివేయుదమా అను మాట అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు వచ్చెను. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, అందరు కలిసి ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిరి. 1876–78 నాటి ఘోర కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపించెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, కరవు పని జరిగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండ అనియే పేరు. ఆ ఉదయపు తేదీని, కొండ ఎక్కినవారి లెక్కను ఎవరో ఒకరు జాగ్రత్త చేయకపోయినయెడల, ఐదుగురి ప్రార్థనకును వేలమంది బాప్తిస్మమునకును గల సంబంధము మనకెట్లు తెలియును? మొదటి పేజీ ఉన్నవానికే చివరి పేజీ అర్థమగును.

మన యిండ్లకు వత్తము. మన చాల కుటుంబములలో అక్షరము నేర్చుటయే మొదటి విజయము. మీ వంశములో మొదట సంతకము చేసినవారెవరు? మొదట బడికి వెళ్లిన ఆడబిడ్డ ఎవరు? ఆమెను బడికి పంపుటకు పస్తులున్నవారెవరు? వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా కవిగారు, తన్ను కులముపేరట దూరముంచిన లోకములోనే కవిగా నిలిచి, తన బ్రతుకును “నా కథ” అని తానే వ్రాసికొనెను. మన కథను ఇతరులు వ్రాసినయెడల వేలిముద్రగానే మిగులుదుము. మనమే వ్రాసికొన్నయెడల దానిలో మన పేరు ఉండును, మన దేవుని పేరు ఉండును.

ఒక సంగతి చెప్పుదును. 2021లో మిరప తోటలకు నల్ల తామర పురుగు పట్టి పల్నాటి రైతులు ఎంత నష్టపోయిరో మీకు తెలియును. ఆ దినములలో కౌలుకు చేయు ఒక సహోదరుని ఇంటికి నేను ప్రార్థనకు వెళ్లితిని. మనిషి గోడవైపు తిరిగి పండుకొనియుండెను. “అయ్యగారూ, నా బతుకులో ఒక్క పనన్నా సక్రమంగా అయిందా? అన్నీ పోగొట్టుకోటమే” అనెను. నేను సమాధానము చెప్పకముందే ఆయన భార్య అందుకొనెను. “అదేం మాటయ్యా? పెద్దదానికి జ్వరమొచ్చి డాక్టరు ఆశ లేదన్ననాడు గుంటూరుదాకా ఎత్తుకుపోయి బతికించుకురాలా? పత్తి పోయిన ఏడు రెండు బర్రెల పాల మీద సంసారం ఈదలా? తాకట్టు పెట్టిన నా కమ్మలు విడిపించి తెచ్చి క్రిస్మస్ నాడు నా చేతిలో పెట్టలా?” అనెను. పిల్లవాని నోటుబుక్కు వెనుక అట్ట దగ్గర ఆ మాటలన్నియు ఆమె చెప్పగా పిల్లవాడే వ్రాసెను. తొమ్మిది సంగతులు తేలినవి. ఒక్కొక్కదాని ప్రక్కన ఆ నాడు సహాయము చేసినవారెవరో కూడ వ్రాయించితిని. ఒకచోట బావమరిది, ఒకచోట సంఘ పెద్ద, ఒకచోట ఊరి షాహుకారే.

ఆ రాత్రి ఆయన అప్పు ఒక్క రూపాయి తరుగలేదు. ఆ మాట దాచిపెట్టి సాక్ష్యము చెప్పుట సత్యము కాదు. అయితే మరునాడు ఆయన లేచి, ఆ పట్టికలోని బావమరిదిని వెంటబెట్టుకొని, అప్పిచ్చినవారి యొద్దకు వెళ్లి గడువు అడిగెను. మరుసటి ఏట కౌలు తగ్గించుకొని, ఖర్చు తక్కువైన కంది వేసెను. పుస్తకము చేసిన పని అంతమాత్రమే. గోడవైపు తిరిగిన మనిషిని ఇటువైపు త్రిప్పెను. పల్నాటిలో పత్తి, మిరప పోయిన ఏండ్లలో పురుగుమందు త్రాగి పోయినవారిని మనము సమాధి చేసియున్నాము. కనుక అంతమాత్రమే అని తేలికగా అనకుడి. అటువంటి దుఃఖములో నున్నవానిని పుస్తకముతో ఒంటరిగా విడువకుడి. ప్రక్కన కూర్చుండుడి, వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి. ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయించుడి. అది సిగ్గుపడవలసిన పని కాదు. ఏలీయా చావు కోరుకొన్నప్పుడు దేవుడు మొదట రొట్టెను, నీళ్లను, నిద్రను ఇచ్చెను. తరువాతనే మాటలాడెను.

లోకజ్ఞానము కూడ దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ పరిశోధన ప్రచురించిరి. ఒక పరీక్షలో కొందరు విద్యార్థులు వారమునకొకసారి చొప్పున పది వారములు తమకు కలిగిన మేళ్లను వ్రాసిరి. కొందరు చికాకులను వ్రాసిరి. మరికొందరు మామూలు సంగతులు వ్రాసిరి. మేళ్లు వ్రాసినవారు తమ జీవితమును గూర్చి ఎక్కువ తృప్తిని, రానున్న వారమును గూర్చి ఎక్కువ ఆశను కనుపరచిరి. కీర్తనకారుడు ఎప్పుడో ఎరిగిన దారిని వారు లెక్క వేసి చూచిరి.

ఎట్లు వ్రాయవలెను? పెద్ద పుస్తకము అక్కరలేదు. పిల్లల నోటుబుక్కు చాలును. వారమునకొకసారి, ఆదివారము సాయంకాలమున, దీపము పెట్టిన పిమ్మట పావుగంట కూర్చుండుడి. మొదట తేదీ వేయుడి. తేదీలేని మేలు త్వరగా కథగా మారిపోవును. రెండవది, కష్టమేమో ఉన్నదున్నట్లు వ్రాయుడి. మూడవది, ఆ కష్టములో మీరు చేసిన పని ఏమో వ్రాయుడి. నాలుగవది, ఎవరి చేతిద్వారా దేవుడు సహాయము పంపెనో వారి పేరు వ్రాయుడి. ఐదవది, నేర్చుకొన్నది ఒక్క వాక్యములో వ్రాయుడి. “దేవుడు మేలు చేసెను” అని ఊరకే వ్రాయుటకంటె, “బోరులో నీరు తగ్గినది, ప్రక్క చేను అన్న రెండు తడులు ఇచ్చెను, పంట నిలిచినది” అని వ్రాయుట మేలు. మొదటి మాట ఏ ఇంటికైనను సరిపోవును. రెండవది మీ యింటిది.

వ్రాయుటకంటె చదువుట ముఖ్యము. ప్రభురాత్రి భోజనమునకు సిద్ధపడు దినమున, క్రొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనకు ముందు, పంట వేయబోవునాడు, పరీక్షకు పోవునాడు ఆ పుస్తకము తీయుడి. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువుడి. యోర్దాను నడుమనుండి తెచ్చిన పండ్రెండు రాళ్లు మీ పిల్లలు అడుగుటకొరకే నిలిపిరని యెహోషువ నాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. చదువురాని అవ్వ ఉన్నయెడల ఆమె చెప్పగా మనుమరాలు వ్రాయవలెను. అవ్వకు మేళ్లు జ్ఞప్తికి వచ్చును, మనుమరాలికి వంశము తెలియును.

అయితే రెండు జాగ్రత్తలు. గిద్యోను విజయము పొందిన పిమ్మట దోపుడు బంగారముతో ఏఫోదు చేయించెను. అది అతని ఇంటికే ఉరి ఆయెను (న్యాయాధిపతులు 8:27). మోషే చేసిన ఇత్తడి సర్పము ప్రాణములు కాపాడినదే, కాని జనులు దానికి ధూపము వేయగా హిజ్కియా దానిని పగులగొట్టెను. గతకాలపు మేలు మనలను లేపుటకే గాని, దాని చుట్టు కూర్చుండుటకు కాదు. “ఆ రోజుల్లో మా సంఘం” అనుచు నేటి యౌవనస్థులను తక్కువ చేయు పెద్దలు మేళ్ల చిట్టాను చదువుట లేదు, దానికి ధూపము వేయుచున్నారు. రెండవ జాగ్రత్త, ఈ పుస్తకములో పొరుగువాని తప్పులు వ్రాయకుడి. అందుకు ఊరిలో వేరే నోళ్లున్నవి.

చివరిగా సంఘమునకు ఒక మనవి. శతవార్షికము జరుపుకొనుచున్నాము. పందిళ్లు, దీపములు, విందులు మంచివే. కాని మన పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఎక్కడ ఉన్నవి? చెదలు తినకముందు వాటిని ప్రతి తీయించుదము. ఎనుబది దాటిన పెద్దలు మన మధ్య ఇంకను ఉన్నారు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరుగుట, 1967లో కాలువలకు నీరు వదలుట ఎరిగినవారున్నారు. అంతకుముందు చెలమలు త్రవ్వి నీళ్లు మోసినవారున్నారు. గుడి కట్టుటకు రాళ్లు ఎత్తినవారి బిడ్డలున్నారు. యౌవనస్థుల సమాజమువారు వారానికి ఒక్క పెద్దను కలిసి, తేదీలతో, పేర్లతో వ్రాసి భద్రపరచవలెనని బ్రతిమాలుచున్నాను. ఒక్కొక్క పెద్ద సమాధి చేయబడినప్పుడు ఒక్కొక్క చిట్టా మట్టిలో కలిసిపోవుచున్నది.

తనయందు భయభక్తులుగలవారి పేర్లు దేవుని ఎదుట జ్ఞాపకార్థ గ్రంథములో వ్రాయబడుచున్నవని మలాకీ ప్రవక్త తెలిపెను (మలాకీ 3:16). దేవుడే మన సంగతులు వ్రాసికొనుచుండగా, ఆయన మేళ్లను మనము వ్రాయకుండుట న్యాయమా? ఈ ఆదివారమే ఒక నోటుబుక్కు కొనుడి. మొదటి పేజీలో తేదీ వేసి ఒక్క మేలు వ్రాయుడి. కరవు వచ్చును, పురుగు వచ్చును, వ్యాధి వచ్చును. ఆ దినమున చదువుకొనుటకు మీ యింటిలో ఒక పుస్తకము ఉండును గాక. ఇంతవరకు నడిపించిన దేవుడు ఇకమీదటను మిమ్మును, మీ బిడ్డలను, మీ చేలను కాపాడును గాక. ఆమేన్.